కాకిబంగారం రేకు

ఒకటోది నూట ఇరవై అయిదు. రెండోది నూట ఇరవై రెండు.
మూడోది అరవై.
చెయ్యి తుడుచుకుని గేజీ మళ్లీ పెట్టా. అరవై.
నాలుగోదాని గురించి అడగబాకండి, అది బాగానే ఉండాది.

గూడూరు రైలుగేటు పక్కన మా షెడ్డులో
స్టాండర్డ్ హెరాల్డు,
బానెట్టు మొత్తం ముందుకు వంచుకుని
నమాజు మధ్యలో ఆగిపోయిన మనిషిలా.
ఇరవై ఆరేళ్లు అభ్రకం గోడౌనులో మూలబడ్డ బండి.
సీటు ఎత్తితే చాలు, అడుగంతా మిలమిల.
ఓనరు మనవడు వచ్చినప్పుడల్లా రంగు సంగతి అడుగుతాడు,
లేత నీలమా, పాల తెలుపా అని.
ముందు దాని ఊపిరి చూడనియ్యి సామీ, అంటాడు
గౌస్ మొహిద్దీన్ మేస్త్రి.

మేస్త్రికి వినపడదు.
నలభై ఏళ్ల లారీ ఇంజన్లు ఆయన చెవుల్ని
కొంచెం కొంచెంగా అరువు తీసుకుని తిరిగియ్యలేదు.
అందుకే నన్ను పెట్టుకున్నాడు.
"జీతం నీ చెవులకి, పెంచలా. చేతులకి నేను నేర్పిస్తా."

ప్లగ్గు బెజ్జంలో చెంచాడు నూనె పోశాం.
రింగులు అరిగుంటే నూనె ఆ సందుల్లో నిండి
ముల్లు పైకి లేవాల.
అరవై నాలుగు. అంతే.
మేస్త్రి నా వేళ్లు చూశాడు. ఆరు, తర్వాత నాలుగు.
"రింగులు మంచోళ్లే. దొంగ పైన ఉండాడు."

పిస్టన్ని పైకి తెచ్చి, గేర్లో వేసి కట్టేసి,
పంక్చర్ల కోటయ్య దగ్గర్నించి గాలిగొట్టం లాక్కొచ్చి
మూడోదాంట్లోకి వదిలాం.
ఇంక వినడమే.

రేడియేటరు మూత తీశా, బుడగల్లేవు.
నూనె పోసే నోటికి చెవి ఆనించా,
నీళ్లెండిన బావిలో మధ్యాహ్నం.
కార్బొరేటరు దగ్గర ఏదో సన్నగా,
అంతలోకే రేణిగుంట గూడ్సు.
యాభై ఎనిమిది వ్యాగన్లు. లెక్కపెట్టా, వేరే పనేముంది.
గేటు లేచి, ఆటోలు అరిచి అరిచి సర్దుకున్నాక
మళ్లీ ఆనించా.
ఏం లేదు. ఇందాకటిది నా నెత్తురే.

వెనక్కి పోయి సైలెన్సరు ముందు బోర్లా పడుకున్నా.
అక్కడుంది,
నిద్రపోయే పిల్ల పళ్లసందున వదిలే గాలంత.
చెయ్యి ఊపా.

మేస్త్రి నమ్మలేదు.
నన్ను కాదు, తనకి అందనిది దేన్నైనా.
సీటు కింద ఒక కాకిబంగారం రేకు ఏరుకుని
గోటితో పొర మీద పొర చీల్చాడు,
ఊదితే పోయేంత పల్చన అయ్యేదాకా.
రెండు వేళ్ల కొసన పట్టి గొట్టం మూతికి అడ్డం పెట్టాడు.

రేకు వణికింది.
పైకప్పు బెజ్జంలోంచి జారిన ఎండ దాని మీద పడి
ఎదురుగోడన పాత క్యాలెండరు మీద, పానాల మీద
ఒక చిన్న వెలుగు గజగజలాడింది.
గాలి ఆపమన్నాడు. వెలుగు నిలబడింది.
వదలమన్నాడు.
మళ్లీ ఆపమన్నాడు, మళ్లీ వదలమన్నాడు,
తెలియాల్సింది తెలిశాక కూడా, అయిదారుసార్లు.
డెబ్బయ్యేళ్ల మనిషి చప్పుడుని చూస్తా కూచున్నాడు.
కోటయ్య గొట్టం కోసం వచ్చి, ఏం అడక్కుండా నిలబడ్డాడు.

సాయంత్రానికి హెడ్డు విప్పాం.
మూడోదాని ఎగ్జాస్టు వాల్వు అంచున కాలిన గాటు,
ఎలక కొరికిన రేషనుకార్డు మూలంత.

కొత్త వాల్వు మద్రాసు నించి తొమ్మిదో రోజు దిగింది.
పేస్టు పూసి, కర్ర అంటించి
అరచేతుల మధ్య కవ్వంలా తిప్పడం నా వంతు.
వెన్న రాలేదు, బొబ్బలొచ్చాయి.
ఆ రాత్రి పోర్టులో కిరసనాయిలు పోసి
కింద పేపరు పరిచి ఇంటికి పోయాం.

పొద్దున నాకంటే ముందే వచ్చి వంగి చూస్తా ఉండాడు.
పేపరు పొడిగా ఉండాది. ఒక్క వార్తా తడవలేదు.
గాస్కెట్టు అందుకోబోతా మేస్త్రి
ఎందుకో చొక్కా జేబు తడుముకున్నాడు.
అగ్గిపెట్టె డొప్పలో, దూది మధ్య,
రేకు.